గడ్డం బావ మెడ దగ్గరి ఊపిరి

ఆ పాత ఆఫీసు కిందున్న బాయిలర్ గదికి మంచి పేరు లేదు. పట్టపగలైనా సరే, ఆ మెట్ల దగ్గరికొచ్చేసరికి వాచ్‌మన్ గొంతు తగ్గించేస్తాడు. లోపల ఎవరో ఊపిరి పీలుస్తారట. మనిషి కనపడడు... ఊపిరి ఒక్కటే.

ఊరికే పుట్టిన పేరు కాదది. ఒకప్పుడు అక్కడి పైపులకి ఆస్బెస్టాస్ పట్టించేవాళ్ళు. తెల్లటి పొడిని నీళ్ళలో వేసి, వట్టి చేతులతో పిండి కలిపినట్టు కలిపి మెత్తేవాళ్ళు. హాయిగా పని చేసుకున్నారు, ఇళ్ళకి పోయారు. ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత ఒక్కొక్కరే ఊపిరందక పోయారు. పోయినవాళ్ళే గాలి కోసం మళ్ళీ వస్తున్నారని జనం మాట. గాలి కావాలంటే మేడ మీదికి పోక నేలమాళిగలో ఏం పని అని అడిగినవాడు మాత్రం లేడు.

ఇన్నాళ్ళకి ఆ పైపుల మీది పూత ఊడదీసే పని వచ్చింది. పగలు పైన ఆఫీసు నడుస్తుంది కాబట్టి పని రాత్రిళ్ళే. అందులో చేరిన పైపుల మేస్త్రిని చిన్నాపెద్దా అందరూ గడ్డం బావ అంటారు. పెళ్ళినాటి నుంచీ ఆ గడ్డానికి కత్తెరే తప్ప కత్తి తగల్లేదు. మనిషి ధైర్యవంతుడే. కాకపోతే ఆ సంగతి ఆయనే చెప్పుకోవాలి.

పనికి ముందు రెండు రోజుల ట్రైనింగ్ పెట్టారు. నేర్పే మేడమ్ సన్నగా, నవ్వకుండా మాట్లాడే మనిషి.

"ఈ దుమ్ము కంటికి ఆనదు, వాసన ఉండదు. ఇవాళ పీలిస్తే ఇరవై ఏళ్ళకి బయటపడుతుంది" అంది.

"మా అత్తగారే నయం, కబురు పెట్టి వస్తుంది" అని గొణిగాడు బావ. వెనక బెంచీ అంతా కిసుక్కుమంది. మాస్క్ అంచు సరిగ్గా దవడ కింద కూర్చుంటుందని, అక్కడ ఒక్క వెంట్రుక ఉండకూడదని మేడమ్ చెప్పింది ఆ నవ్వులోనే కొట్టుకుపోయింది.

మర్నాడు బావ చెంపలు నున్నగా గీయించుకుని, మొత్తం తీసేయడానికి మనసొప్పక దవడ కింద మాత్రం కాస్త ఉంచుకుని వచ్చాడు. జలుబని చెప్పి మెడకి గుడ్డ చుట్టుకున్నాడు. మాస్క్ పెట్టించి, తల మీద సంచిలాంటి టోపీ తొడిగి, అందులోకి చేదు మందు చిమ్మారు. చేదు తెలిస్తే మాస్క్‌కి ఎక్కడో సందు ఉన్నట్టు లెక్క. బావ నాలుక చివరి నుంచి కొండనాలుక దాకా చేదు పాకింది.

"ఏమైనా తెలుస్తోందా?"

"అబ్బే!" అన్నాడు. పనిలోకి దిగొచ్చన్న కార్డు చేతికొచ్చింది.

మొదటి రాత్రి బావ, ఆయన తోడల్లుడు తెల్లసూట్లు వేసుకుని దిగారు. చుట్టూ ప్లాస్టిక్ తెరలు. పూత తడుపుతూ, మెల్లగా గీకుతూ, సంచుల్లో వేస్తున్నారు. అంతలో... బావ మెడ దగ్గర చల్లగా —

స్స్స్...

గిరుక్కున తిరిగాడు. ఎవరూ లేరు. తోడల్లుడు అటు చివర వీపు తిప్పుకుని ఉన్నాడు.

రెండో రాత్రీ అంతే. "ఏమోయ్... నీకేమైనా వినపడుతోందా?" అని గుసగుసగా అడిగాడు.

"మాస్క్‌లోంచి గొణిగితే నీ మాటే వినపడి చావట్లేదు" అన్నాడు తోడల్లుడు.

మూడో రాత్రి బావ ఒక సంగతి కనిపెట్టాడు. తను పీలిస్తేనే అది పీలుస్తోంది. తను ఆయాసపడితే అదీ ఆయాసపడుతోంది. ఊపిరి బిగపట్టాడు... అదీ బిగపట్టింది. పది లెక్కపెట్టాడు. ఇరవై... గది మొత్తం చెవులు రిక్కించుకున్నట్టుంది. ఇక ఆగలేక గట్టిగా పీల్చాడు —

స్స్స్స్స్!

పని అక్కడ పడేసి పరుగెత్తాడు. అయితే ఆ గదిలోంచి తిన్నగా బయటికి రావడం కుదరదు. దుమ్ము బయటికి రాకుండా సూటు విప్పాలి, స్నానం చెయ్యాలి, మాస్క్ అన్నిటికన్నా చివర తియ్యాలి. దెయ్యం తరుముతోందంటే ఊరుకునే రూలు కాదది. బావ తలంతా తడుపుకుంటూ, సబ్బు రుద్దుకుంటూ ఏడ్చినంత పని చేశాడు. స్నానం పొడుగునా అది మెడ దగ్గరే ఉంది. చివరికి మాస్క్ తీశాడు. టక్కున ఆగిపోయింది.

తెల్లారగానే మేడమ్ దగ్గరికి పోయాడు. పరువూ గిరువూ చూసుకోలేదు.

"ఇక్కడే మేడమ్... మెడ దగ్గర. నేను పీలిస్తే అదీ పీలుస్తుంది."

ఆవిడ నవ్వలేదు. కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కొత్త మాస్క్ తొడిగించి, పల్చటి కాగితం ముక్క చింపి ఆయన దవడ కింద పట్టుకుంది. చేతికి ఒక చిన్న అద్దం ఇచ్చింది.

"పీల్చు."

స్స్స్... కాగితం దానంతటదే కదిలి, మాస్క్ అంచు కింద గడ్డానికి అతుక్కుంది.

"వదులు."

కాగితం వేలాడింది.

"దెయ్యం కాదు బాబూ, గాలి. గడ్డం సందులోంచి లోపలికి పోతోంది. ఆ రోజు చేదు తెలియలేదన్నావుగా?"

బావ తల దించుకున్నాడు. "తెలిసింది మేడమ్."

"ఎన్ని రాత్రులు దిగావు?"

"మూడు."

ఆవిడ తేదీలతో సహా ఒక చీటీ మీద రాసి ఇచ్చింది. "మూడు రాత్రులకే ఏదో అయిపోతుందని చెప్పను. ఏమీ కాదని కూడా చెప్పలేను. గడ్డం గీయించేదాకా కిందికి దిగకు. డాక్టరుకి చూపించుకో. ఈ చీటీ జాగ్రత్తగా దాచుకో, ఎప్పటికైనా కావాలి."

ఎప్పటికైనా అంటే ఎప్పటికో బావకి అర్థమైంది. కూతురికి ఇప్పుడు రెండేళ్ళు, అప్పటికి ఇరవై రెండు. గదిలో మూడు రాత్రులూ పడ్డ భయం దీని ముందు ఏ మూలకీ రాలేదు. మాస్క్‌నీ, ఆ పల్చటి కాగితం ముక్కనీ మళ్ళీ ఆవిడ చేతిలో పెట్టాడు.

మెల్లగా, బతిమాలుతున్నట్టు అన్నాడట —

"ఇంకొక్కసారి చూడండి మేడమ్... దెయ్యమేమో."