జమీందారుకు ఆకుపథ్యం

"ఏమప్పా, పిట్టకి కారం బూందీ పెడ్తాండావు. ఇంక టీ కూడా తాగిస్తావా?"

హిందూపురంలో కదిలిన సాయంత్రపు ప్యాసింజరు ఇంకా ఊరు దాటలేదు. గీతాంజలి మాట మాత్రం అప్పుడే హద్దు దాటింది.

ఎదుటి సీటులో ఒక యువకుడు, అతని ఒడిలో ఒక పంజరం, ఆ పంజరంలో ఒక బడ్జీ చిలుక. పసుపుపచ్చని తల, ఆకుపచ్చని పొట్ట, ఆ పొట్ట కింద కాళ్లున్నాయో లేవో తెలియనంత లావు. యువకుడు పొట్లంలోంచి బూందీ ఏరి, ఊచల సందున ఒక్కొక్కటే అందిస్తున్నాడు, నైవేద్యం పెట్టే పూజారిలా.

"టీ ఇంట్లో మా అవ్వ తాగిస్తాది," అన్నాడతను. "బిస్కెట్ ముంచి పెడ్తాది."

అది పరిహాసం కాదు. నిజాయితీగా ఇచ్చిన సమాధానం. గీతాంజలికి నవ్వూ కోపమూ ఒక్కసారే పొంగాయి.

ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల ఆమె. రోజూ రైల్లో పోయివస్తూ హిందూపురంలో ఒక చిన్న బడిలో సైన్సు చెబుతుంది. మగ్గం గది కిటికీలో బడ్జీల గుంపును పెంచుతుంది. ఎదుటివాళ్లను ఎగతాళి చేయడం ఆమెకు ఊపిరి పీల్చినంత సహజం. కూతురు గదిలోకి వస్తే మగ్గం కూడా సడి తగ్గించుకుంటుందని తండ్రి తిమ్మరాజు అంటూ ఉంటాడు.

"దీన్ని హిందూపురానికి ఏంటికి తెచ్చినావు?"

"పశువుల డాక్టరుకి చూపిచ్చేకి. ఎగరలేకుండా ఉండాడు. లోపల కొవ్వు పట్టిందంట."

"ఏం పెట్టద్దన్న్యాడు డాక్టరు?"

"నూనెవి, ఉప్పువి."

"మరి ఇదేంది?"

అతను పొట్లం వైపు అపరాధిలా చూశాడు. "పాపం, సూది ఏయించుకున్న్యాడు గదా."

గీతాంజలి నుదురు కొట్టుకుంది. అతని పేరు కేశవ. పిట్ట పేరు జమీందారు. ఊరు పెనుకొండ దగ్గర. కాళ్ల దగ్గర మడిచిపెట్టిన ఖాళీ సంచులు ఎందుకని అడిగితే, పట్టుగూళ్లు మార్కెట్టులో అమ్మి వస్తున్నానని చెప్పాడు.

"పట్టుపురుగులు పెంచుతావా? వాటికేం పెడ్తావు?"

కేశవ ముఖం వెలిగిపోయింది. "లేత పురుగుకి లేతాకు. పెద్ద పురుగుకి ముదురాకు. తడి ఉండకూడదు, దుమ్ముండకూడదు. వేళ తప్పితే గూడు పలచబడ్తాది."

"భలే! పురుగుకి పెళ్లిబంతి. పిట్టకి బండిమీద బూందీ!"

పక్కనున్న వాళ్లంతా నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. అవమానించినప్పుడు మనిషి కాస్త ముడుచుకోవాలి కదా!

"విను. ఇంటికి పోయినంక పొద్దుతిరుగుడు గింజలు బంద్. శనక్కాయలు బంద్. కొత్తిమీర, మెంతాకు, క్యారెట్ తురుము. అంతే."

"తినకపోతే?"

"ఆకలైతే అదే తింటాది. జమీందారంట, జమీందారు!"

పెనుకొండలో దిగుతూ అతను ఫోన్ నంబరు అడిగాడు. "పిట్ట కోసమే," అన్నాడు.

"ఇంక దేనికంట?" అని గద్దించి, నంబరు మాత్రం రెండుసార్లు చెప్పింది.

మరునాటి నుంచి ఫోటోలు వచ్చాయి. కొత్తిమీర మధ్య జమీందారు. మెంతాకుకు వీపు తిప్పిన జమీందారు. "కట్టకి కట్ట ఏసినావే, చట్నీ చేసుకుంటాడా?" అని ఈమె జవాబు. ఫోటో ఆలస్యమైన పూట ఫోను వైపు తన చూపు పదేపదే పోవడం గమనించి, గీతాంజలి తన్ను తాను కూడా చాలినంత ఎగతాళి చేసుకుంది.

అంతలో ఒక సాయంత్రం ఫోటో లేని సందేశం వచ్చింది.

"జమీందారు కింద కూచుండాడు. ఈకలు ఉబ్బిచ్చుకోని కండ్లు మూస్తాండాడు. మీరు చెప్పినట్లే చేసినా."

ఆ చివరి మాటలో నింద లేదు. నింద ఉండి ఉంటే తిప్పికొట్టడం ఆమెకు తెలుసు. లేనందువల్లే అది నేరుగా గుచ్చుకుంది.

కిటికీలో ఆమె పిట్టలు కొర్రలు కొరుకుతూ, కొత్తిమీర రెమ్మల మీద వాలుతూ ఉన్నాయి. వాటికి ఆకు తినడం ఆమె నేర్పిందా? లేదు. తల్లి తింటుంటే పిల్ల చూసింది, ఒకటి తింటుంటే ఇంకొకటి చూసింది. జమీందారు ఒంటరి. వాడికి ఆకు ఆహారమని చెప్పేవాళ్లు లేరు. ముందర పచ్చగా ఎంత పరిచినా, తిండి లేదనుకుని పస్తుండి చచ్చిపోతాడు.

వెంటనే ఫోన్ చేసింది. "గింజలు పెట్టు. పాతవే. ఇప్పుడే పెట్టు."

"బంద్ అంటిరి గదా?"

"నేను చెప్పింది తప్పు. పెట్టప్పా బిన్నా, ఆలస్యం చేయద్దు!"

తప్పు అనే మాట ఆ నోటి నుంచి వినడం మగ్గం దగ్గరున్న తిమ్మరాజుకు అదే మొదలు. ఆడే చేయి ఆపి, కూతురిని ఎగాదిగా చూశాడు.

మరునాడు ఆమె ధర్మవరం దాకా పోలేదు, పెనుకొండలోనే దిగింది. మల్బరీ తోట పక్కన ఇల్లు, ఇంటిని ఆనుకుని పురుగులను మేపే షెడ్డు. గుమ్మంలోనే కేశవ అవ్వ యశోదమ్మ ఎదురైంది.

"నా పిట్టని పస్తు పెట్టిన టీచరమ్మవి నువ్వేనా?"

గీతాంజలి తల వంచుకుంది. లోపల జమీందారు పంజరం అడుగున కూర్చుని, నీరసంగానే అయినా, ఒక గింజ ఒలుస్తున్నాడు. ఆ చిన్న టక్కుటక్కు వినిపించాకే ఆమె ఊపిరి వదిలింది.

తెచ్చిన కొర్రల సంచి కేశవ చేతిలో పెట్టింది. "ఒక్కసారే మార్చద్దు. ఈ పొద్దు గింజల్లో చిటికెడు కొర్రలు. రేపు ఇంకొంచెం. ఆకు సంగతి వేరే. ఇంకో పక్షి తినేది సూస్తేనే తింటాది."

"ఇంకో పక్షి యాడుండాది?"

ఆమె అతని వైపే చూసింది.

అలా కేశవ పంజరం ముందు కూర్చుని పచ్చి కొత్తిమీర నమలడం మొదలైంది. జమీందారు ఒక కన్నుతో చూసి, మొహం తిప్పుకునేవాడు.

"ఆ మొగం పెట్టి తింటే ఎవురు నమ్ముతారు? విషమా అది?"

"అంగడి కొత్తిమీరకి ఏం మందు కొట్టినారో ఏమో. మల్బరీ చిగురైతే మేలు. పురుగుకేసే ఆకుకి మేం మందు కొట్టం. కొడితే పురుగు బతకదు." లేత చిగుళ్లు కడిగి తెచ్చి, ఒకటి ఆమెకూ చాపాడు. "నువ్వూ తిను."

"నేనేమన్నా పట్టుపురుగునా?"

"పట్టుచీర నేసే ఇంటిదానివి. పురుగు బంతిలో ఒక పూట కూచోలేవా?"

ఆమె నమిలింది. వగరుగా ఉంది. ఆ వగరు కోసం మళ్లీ మళ్లీ పెనుకొండలో దిగింది.

"రైలు పెనుకొండలో అంత సేపు నిలబడ్తాండాదా పాపా?" అని అడిగాడు తిమ్మరాజు ఒకనాడు. కూతురు తొలిసారి తడబడింది. ఆయన నవ్వు దాచుకుని పోగు ముడివేశాడు. "ఆ పట్టు పండిచ్చే పిల్లోన్ని ఒకసారి రమ్మను. ఆ పట్టు ఈడ చీర అయ్యేది సూస్తాడు."

ఆ మాట మోసుకుని ఆమె పెనుకొండ వచ్చిన సాయంత్రం, వసారాలో అడుగు పెట్టగానే వాన చప్పుడు వినిపించింది. సన్నగా, ఎడతెగక, ఆకుల మీద కురిసే వాన.

"అయ్యో, గొడుగు తేలేదు!"

"వాన కాదు," అన్నాడు కేశవ. "పురుగులు పెద్దవైనాయి. తింటాండాయి."

ఆమె వాకిలి చూసింది. నేల పొడిగా ఉంది. షెడ్డు లోపల మాత్రం వాన కురుస్తూనే ఉంది. తాను కట్టిన ప్రతి పట్టుచీర వెనుక ఈ వాన ఉందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. ఎగతాళి మరిచి, చెవులొగ్గి వింది.

ఇద్దరూ పంజరం ముందు కూర్చున్నారు. ఒక చిగురు అతను కొరికాడు, ఇంకో అంచు ఆమె కొరికింది. మిగిలిన ఆకును తొడిమతో ఊచల సందున నిలిపింది. జమీందారు ఒక కన్నుతో చూశాడు, రెండో కన్నుతో చూశాడు. జరిగాడు, ఆగాడు, ఇంకాస్త జరిగాడు. ఆకు అంచును కసుక్కున కొరికాడు. ఆ పైన, చిక్కిన ఒళ్లు తనదేనా అన్న అనుమానంతో రెక్కలు విదిల్చి, పై కొయ్య మీదికి ఒక్క ఎగురు ఎగిరాడు!

"ఎగిర్నాడే!" అని ఆమె అరిచింది. అరిచాక తెలిసింది, తన చేయి కేశవ చేతిలో ఉందని.

"గీతా, దినామూ ఇట్లే వస్తావా? ఈడనే ఉండిపోతావా?"

"దినామూ ఆకు తినేకి నేనేమన్నా మేకనా? అన్నం కూడా పెట్టాల." ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు. "ముందు మా నాయన రమ్మన్న్యాడు. పోయి ఆయన మగ్గం సూసి, ఆయనకి నీ మొగం సూపిచ్చు."

"పెడ్తాండాలే తల్లీ," లోపలినుంచి యశోదమ్మ కేక వేసింది. "సంగటి అయిపోయిండాది. ఇద్దరూ రాండి."

పళ్లెంలో సంగటి, పప్పు. కేశవ పళ్లెం పక్కన మాత్రం ఒక గిన్నె నిండా కారం బూందీ. గీతాంజలి కళ్లు చిన్నవయ్యాయి.

"ఇది ఎవురికి?"

"నాకే," అన్నాడు కేశవ, గిన్నె మీద చేయి కప్పుతూ.

"ఈ పొద్దు నుంచి బంద్."

అతని ముఖం వాడిపోయింది. ఆమె పంజరం వైపు ఒకసారి చూసింది. గిన్నె లాక్కుని, సగం తన పళ్లెంలో వంపుకుని, మిగతా సగం అతని ముందుకు నెట్టింది.

"ఒక్కసారే కాదులే. కొంచెం కొంచెంగా."