పోచయ్య తాత విజిల్

"ఉస్స్..."

విజిల్ మోగలేదు. ఉత్త గాలి మాత్రమే వచ్చింది.

పుప్పాలగూడలో రెండు అపార్ట్‌మెంట్ టవర్ల మధ్య మిగిలిన ఖాళీ జాగాలో కబడ్డీ ఆగిపోయింది. పిల్లలందరూ రెఫరీ వైపు చూశారు. రెఫరీ అంటే ఎవరో కాదు, యశస్విని వాళ్ల పోచయ్య తాత! ఒకప్పుడు ఆయన విజిల్ ఊదితే వీధి చివర కుక్కలు కూడా మొరిగేవి. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసం.

"ఇగ నాతోని కాదు బిడ్డా. ఇంకెవర్నన్న పెట్టుకోన్రి" అంటూ తాత విజిల్ తీసి కెప్టెన్ వేణు చేతిలో పెట్టాడు.

యశస్వినికి ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, తాత వాడే మందు మీద!

ఆ మందు ఇచ్చిన రోజు తాతతో దవాఖానాకు వెళ్లింది తనే. ఐదో తరగతిలో ఇంగ్లీషు దంచికొట్టే పిల్ల కదా! నర్సు అశ్విని ఏదో చెప్పబోతుంటే, "నేను చదివి చెప్తా మేడమ్" అని డబ్బా లాక్కుంది. దాని మీద ఉన్నదంతా ఇంగ్లీషులోనే గుక్క తిప్పుకోకుండా చదివింది. "పొద్దున ఒక క్యాప్సూల్, రాత్రి ఒకటి. అర్థమైందా తాతా?" అంది. తాత తల ఊపాడు. పని అయిపోయిందనుకుంది.

తాత విజిల్ ఇచ్చేసిన మర్నాడు, బడి వదలగానే తాతను మళ్లీ దవాఖానాకు తీసుకెళ్లింది.

"ఈ మందు అస్సలు పనిచేస్తలేదు మేడమ్!"

అశ్విని విసుక్కోలేదు. "తాతగారూ, రోజూ ఎలా వాడుతున్నారో ఒకసారి చూపించండి" అంది.

తాత క్యాప్సూల్ నోట్లో వేసుకుని, గుటుక్కున నీళ్లు తాగినట్టు చేసి చూపించాడు.

"అయ్యో, ఇది మింగేది కాదండీ! డబ్బాతో పాటు ఇచ్చిన చిన్న మెషిన్‌లో పెట్టి, పొడిని నోటితో పీల్చాలి. ఊపిరితిత్తుల్లోకి పోవాల్సిన మందు కడుపులోకి పోతే ఆయాసం ఎలా తగ్గుతుంది?"

"ఆ మిషినా? మంచిగుందని అల్మారల భద్రంగ దాచిపెట్టిన" అన్నాడు తాత.

యశస్విని ముఖం చిన్నబోయింది. "మరి అర్థమైందా అంటే తల ఎందుకూపినవ్ తాతా?"

"నా మనవరాలు అందరి ముంగట గంత మంచిగ ఇంగ్లీష్ చదువుతుంటే, మధ్యల అడ్డం పడుడెందుకని..."

తాత నవ్వాడు. యశస్విని మనసు చివుక్కుమంది.

ఈసారి అశ్విని చెప్తుంటే నోరు మెదపకుండా విన్నది. ఇంటికొచ్చాక, "ఏదీ, చేసి చూపియ్యి తాతా" అంది. తాత పీల్చడానికి బదులు ఊదాడు. పొడి అంతా యశస్విని ముక్కు మీద! ఇద్దరూ పడీపడీ నవ్వారు. "ఊదుడు కాదు, పీల్చుడు! మళ్లా చెయ్యి" అంది. సరిగ్గా వచ్చేదాకా వదల్లేదు.

మెల్లమెల్లగా ఆయాసం తగ్గింది. ఒక ఆదివారం వేణు విజిల్ తెచ్చి తాతకు ఇచ్చేశాడు.

"పీఈఈప్!"

వీధి చివర కుక్కలు మొరిగాయి. యశస్వినికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆయన మా తాత, అని ఊరంతా చాటాలనిపించింది.

అంతలో పక్కింటి సీతాబాయి అవ్వ కంటి చుక్కల మందు పట్టుకొచ్చింది. "యశూ, జర చదివి చెప్పు బిడ్డా."

యశస్విని మెల్లగా చదివి, తెలుగులో చెప్పింది. 'అర్థమైందా' అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

"అవ్వా, ఇంటికి పోయి ఎట్ల వేసుకుంటవో ఇప్పుడు నాకు చూపియ్యి."

వెనక నుంచి విజిల్ గట్టిగా మోగింది.

"యశస్వినికి ఒక పాయింట్!" అని తాత ఆయాసం లేకుండా అరిచాడు.