రెబ్బ గిల్లిన చెయ్యి

ప్రవల్లిక కరివేపాకు మొక్క నుంచి ఒక్క ఆకు తుంచింది. నాలుగు సెకన్లు. కుండీ అంచుకు బిగించిన అగ్గిపెట్టెంత యంత్రం కుయ్యిమంది.

"ఇంతేనా? దీనికంటే కుక్కని పెంచుకోవడం నయం," అన్నాడు నూకరాజు.

"కుక్క టైము రాసిపెట్టదు బాబాయ్."

అది 2043 నాటి అనకాపల్లి. ఎండ నలభై ఎనిమిది డిగ్రీలు దాటడం మొదలయ్యాక ప్రతి అపార్ట్‌మెంటు మేడ మీదా తోట ఉండి తీరాలని రూలు వచ్చింది. మొక్కల శాస్త్రవేత్త ప్రవల్లిక తన సెన్సర్‌ను అలాంటి మేడల మీదే పరీక్షిస్తోంది. ఆకు తెగగానే మొక్క ఒక వాసన వదులుతుంది. పచ్చగడ్డి కోసినప్పుడు మన ముక్కుకు తగిలేది అలాంటిదే. సెన్సర్ ఆ వాసనను కొలిచి, పురుగు కొరికిందో చెయ్యి తుంచిందో చెబుతుంది. ఫోన్‌కు గ్రాఫు పంపుతుంది.

రిటైరైన లిఫ్టు మెకానిక్ నూకరాజుకు కావలసింది దొంగ. ఆ మొక్కను నాటింది అతని భార్య సన్యాసమ్మ. ఆమె పోయి నాలుగేళ్లు.

"ఆవిడ చేత్తో పెట్టినవాటిలో మిగిలింది ఇదొక్కటే. రోజుకో రెబ్బ పోతే ఎన్నాళ్లు బతుకుతుందమ్మా?"

పన్నెండు రోజుల గ్రాఫులో పన్నెండు గీతలు లేచాయి. అన్నీ ఉదయం ఆరూ పదికే. పదమూడో రోజు నూకరాజు నీళ్ల ట్యాంకు వెనక కాపు కాశాడు. వచ్చింది రెండో అంతస్తు మంగతాయారు. కన్నకొడుకు పేరు కూడా తడుముకునే మనిషి. గ్లాసుడు పుల్ల మజ్జిగ మొక్క మొదట్లో పోసింది. కొన దగ్గర గోటితో ఒక్క రెబ్బ గిల్లి, కొంగులో వేసుకుని దిగిపోయింది.

అతను ఆమెను పల్లెత్తు మాట అనలేదు. ఫొటో, గ్రాఫు కలిపి అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టాడు. "దొంగ దొరికింది" అని రాశాడు. నలుగురు నవ్వే బొమ్మలు పెట్టారు. సాయంత్రం ఆమె కొడుకు శ్రీనాథ్ తలవంచుకుని వచ్చాడు.

"ఇంక పైకి రాదు బాబాయ్. తలుపుకు తాళం వేస్తున్నాం."

నెల తర్వాత ప్రవల్లిక వచ్చింది. "గాయాలు సున్నా," అన్నాడు నూకరాజు గర్వంగా.

ఆమె మొక్కను చూసింది. కొత్త కొమ్మ ఒక్కటీ లేదు. ఉన్నవే సన్నగా పైకి సాగిపోయాయి.

"కొన గిల్లిన చోట రెండు చిగుళ్లు వేస్తుంది బాబాయ్. పన్నెండు గిల్లితే ఇరవై నాలుగు. పైగా పుల్ల మజ్జిగ పోసేదట. దీన్ని గుబురుగా పెంచింది ఆవిడే."

"మరి నీ మిషను ఆ మాట చెప్పలేదేం?"

"దానికి గాయం కొలవడమే నేర్పాను," అంది ప్రవల్లిక, మెల్లగా.

నూకరాజు ఒక రెబ్బ గిల్లుకుని రెండో అంతస్తుకు దిగాడు. శ్రీనాథ్ తాళం తీశాడు.

"మేడెక్కడం మానేశాక అమ్మకు మాటలూ తగ్గిపోయాయి బాబాయ్. మమ్మల్ని పోల్చుకోవడం లేదు."

మంగతాయారు రెబ్బ అందుకుని వాసన చూసింది. ముఖంలోకి కాస్త వెలుగొచ్చింది.

"ఎవరు బాబూ నువ్వు? ఇది మా సన్యాసమ్మ చెట్టుదే. ఆసుపత్రికి వెళ్తూ నాకు అప్పజెప్పింది, రోజూ ఒక్క కొన గిల్లమని. అడిగే కోశావా?"

నూకరాజు ఆమె పక్కన కూర్చున్నాడు.

"అడిగాను."

"ఇంటికెప్పుడొస్తానంది?"