వెనక చక్రానికి గాలి

"మీ బరువెంతండీ?"

కొత్తపట్నం బస్టాండు ముందు, అంతమంది వింటుండగా ఆడమనిషిని అడగాల్సిన మాటేనా ఇది? సైకిల్ షాపు ముబీన్‌కు ఆ పాటి తెలివి ఎక్కడేడ్చింది! సిద్దికా చురుక్కున చూసింది.

"గాలి కొట్టమంటే బరువు అడుగుతారేంటి? పెళ్లిచూపులా?"

"అయ్యో, కాదండీ! ఇది గేర్ల సైకిలు. మనిషి బరువును బట్టే గాలి పెట్టాలి. లేకపోతే ఇసకలో కూరుకుపోద్ది."

కూరుకుపోతోంది, నిజమే. ఆమె సముద్రం ఒడ్డు పల్లెలో టీచరు. తారురోడ్డు అయిపోగానే ఇసక బాట. మిగతా షాపులవాళ్ళంతా రాయిలా గాలి కొట్టి పంపేవాళ్ళు, ఆమె ఇసకలో పడేది.

టైర్లు కూడా అరిగి నున్నబడ్డాయి. ముబీన్ లోపలికెళ్ళి కొత్తవి తెచ్చాడు.

"నిండా బొడిపెలున్న టైరైతే రోడ్డు మీద తొక్కలేక చస్తారు. మీకు సగం రోడ్డు, సగం ఇసక. ఈ వెడల్పుది తీసుకోండి. మధ్యలో నునుపు, పక్కల బొడిపెలు. గాలి కాస్త తక్కువే పెడతా. ఇంతకీ వెనక ఎవరైనా ఎక్కుతారా?"

సిద్దికా ముఖం మారిపోయింది.

"ఎవరూ ఎక్కరు. ఈ సైకిలు మావారిది. ఆయన పోయి రెండేళ్లయింది."

ముబీన్ టైర్లు మార్చి, గాలి పెట్టి, బొటనవేలితో నొక్కి చూసి ఇచ్చాడు. ఆ రోజు ఆమె ఇసకలో పడలేదు.

"వారం వారం గాలి చూపించుకోవాలండీ," అన్నాడు తర్వాత కలిసినప్పుడు. అంత అవసరం లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె వచ్చేది. వానొస్తే షాపు రేకుల కింద నిలబడేది. అలాంటి ఒక వానలోనే అతను అడిగేశాడు.

"నన్ను చేసుకుంటారా సిద్దికా గారూ?"

ఆమె సైకిలు స్టాండు తీసింది.

"మీరంటే ఇష్టం లేక కాదు. మా అత్తమ్మకు ఒక్కడే కొడుకు. ఆమెకు ఇక నేనే దిక్కు."

"ఆమెనూ తీసుకొద్దాం."

"ఇప్పుడలాగే అంటారు. మీ ఇంట్లో ఆమె ఎవరు? ఏమవుతుంది మీకు?"

ముబీన్‌కు వెంటనే జవాబు తట్టలేదు. ఆమె వానలోనే వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. రోడ్డు మీద సైకిలు గంట మోగినప్పుడల్లా తలెత్తి చూడటం అతనికి అలవాటైపోయింది. ఆ ఒక్క ప్రశ్నకు నోరు పెగలనందుకు తనను తానే తిట్టుకున్నాడు.

వానలు తగ్గాక ఒక ఉదయం సిద్దికా సైకిలు తోసుకుంటూ వచ్చింది. పక్కన అత్తగారు జోహరాబీ.

"గాలి లేని సైకిలు తొక్కుతోందయ్యా నా కోడలు. ఎందుకే అంటే చెప్పదు. రాత్రి ఒట్టు పెట్టి చెప్పించా," అందామె. "నేను మీ ఇంట్లో ఎవరని అడిగిందంటగా. నోరు మెదపలేదంట నువ్వు?"

ముబీన్ చేతులు తుడుచుకుని నిలబడ్డాడు.

"మా అమ్మ నా చిన్నప్పుడే పోయిందమ్మా. ఇంట్లో ఎవర్నీ అమ్మా అని పిలిచి ఎరగను. అందుకే ఆ మాట నాకు వెంటనే రాలేదు."

జోహరాబీ కళ్ళు తుడుచుకుంది. కొడుకు సైకిలు క్యారియర్ మీద చెయ్యి వేసి అతనివైపు చూసింది.

"మరి నా బరువు అడగవేరా?"

సిద్దికా తల వంచుకుని హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది.

"వెనక చక్రానికి గాలి కాస్త ఎక్కువ పెట్టండి," అంది. "అత్తమ్మ ఎక్కుతుంది."