తుండు కింద చెయ్యి

మధ్యాహ్నం బెల్లు కొట్టి పది నిమిషాలైంది. ఫోర్త్ ఫారం గదిలో, మూడో బెంచీ దగ్గర ఒక బేరం నడుస్తోంది.

కస్తూరి ఓణీ కొంగు ఒళ్ళో పరిచింది. రాసాత్తి దాని కింద చెయ్యి పెట్టి, కస్తూరి వేళ్ళలో మూడింటిని పట్టుకుంది. గుప్పెడు సీమచింతకాయలకు మూడు వేరుసెనగ ఉండలు కావాలని అర్థం. కస్తూరి తల అడ్డంగా ఊపి, రాసాత్తి వేలు ఒక్కటే పట్టుకుంది. చివరికి రెండు దగ్గర బేరం తెగింది. పక్క బెంచీవాళ్ళకు ఏమీ తెలియలేదు.

ఈ విద్య కస్తూరి నేర్పిందే. వాళ్ళ నాయన కోటిలింగానికి మదరాసు కొత్తవాల్ చావడిలో మిరపకాయల మండీ ఉంది. అక్కడ పెద్ద బేరాలన్నీ తుండు కింద, వేళ్ళతోనే. రాసాత్తి నాయన వ్యాసర్పాడి రైల్వే యార్డులో వ్యాగన్ల నుంచి మూటలు దించుతాడు. కస్తూరి తెలుగులో అడుగుతుంది, రాసాత్తి తమిళంలో బదులిస్తుంది. రెండేళ్ళుగా ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

అది 1952. ఆంధ్ర రాష్ట్రం విడిపోతే మదరాసు ఎవరికి? వీధిలో ఒక గోడ మీద తెలుగులో 'మదరాసు మనదే' అని ఉంటే, ఎదుటి గోడ మీద తమిళంలో అదే మాట ఉంది. రాజలక్ష్మి టీచరు ఆ శుక్రవారం ఆఖరి పీరియడులో ఆ సంగతే చర్చకు పెట్టింది.

"గోడలు ఎటూ అరుస్తున్నాయి. మీరు మాట్లాడండి" అంది.

కస్తూరి లేచింది. "మా తాతల నాడే ఈడ అంగళ్ళు పెట్టినారు. మేము నిన్నామొన్నా వచ్చినోళ్ళం కాదు."

రాసాత్తి లేచింది. "అంగడి పెట్టింది మీ తాత. సరే. గోడ కట్టిందెవరు? మూట మోసిందెవరు? ఒక్కరోజు యార్డులో మూట దిగకపోతే అంగడి తెరిచి ఏం అమ్ముతారు? మోసినవాళ్ళది కాదా ఈ పట్నం?" అని తమిళంలో అడిగింది.

క్లాసంతా చప్పట్లు కొట్టింది. కస్తూరి దగ్గర జవాబు లేదు. లేనప్పుడు లేదని కూర్చుంటే పోయేదేమీ లేదు. కస్తూరి కూర్చోలేదు.

"నువ్వా పట్నం సంగతి చెప్పేది? మూడేండ్ల ముందు వానల్లేక ఆర్కాడు నించి వచ్చి, నెల్లాళ్ళు వ్యాసర్పాడి ప్లాట్‌ఫారం మీద పడుకుంటిరి గదా."

అది ఎప్పుడో ఈ బెంచీ మీదే, రాసాత్తి చెవిలో చెప్పుకున్న సంగతి.

క్లాసు పగలబడి నవ్వింది. "గెలిస్తివే కస్తూరీ" అంది వెనక నుంచి కాళియమ్మ.

రాసాత్తి పుస్తకాలు తీసుకుని ఆఖరి బెంచీకి వెళ్ళిపోయింది.

సోమవారానికి ఆమెకు కొత్త పేరు వచ్చింది.

"ఏయ్ ప్లాట్‌ఫారం, రైలెన్ని గంటలకే?"

"ప్లాట్‌ఫారం, కొంచెం జరుగు, మూట దించాల."

రాసాత్తి కస్తూరి పక్కకు రాలేదు. కస్తూరి ఉండలు రోజూ డబ్బాలో స్కూలుకు వచ్చి, డబ్బాలోనే ఇంటికి తిరిగివెళ్ళాయి. చప్పట్లు ఒక్క నిమిషం. ఖర్చు మాత్రం రోజూ పెరుగుతోంది.

గురువారం కస్తూరి టీచర్ల గది ముందు నుంచి పోతుంటే లోపల రాసాత్తి గొంతు వినిపించింది.

"సోమవారం నించి నేను రాను టీచర్. ఇంట్లో చెప్పేసినాను. అమ్మతో పనికి పోతా."

"రేపు ఒక్కరోజు వచ్చి చూడు" అంది టీచరు.

ఆ సాయంత్రం కస్తూరి ఫ్లాస్కులో కాఫీ తీసుకుని మండీకి వెళ్ళింది. కోటిలింగం, వేలూరు వర్తకుడు వెంకటాచలపతి తుండు కింద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. చుట్టూ పదిమంది చూస్తున్నారు. కాసేపటికి ఇద్దరూ చేతులు బయటికి తీశారు. బేరం కుదరలేదు. అయినా వెంకటాచలపతి నవ్వుతూ తమలపాకులు వేసుకుని, "మళ్ళా వస్తానయ్యా" అని లేచాడు.

"బేరం పోయినా నవ్వుకుంటా పోతాడే నాయనా?"

"ఆయన ధర నాకు కిట్టలా. ఆ సంగతి నాకూ ఆయనకూ తప్ప ఇంకెవరికీ తెలీదు గదా పాపా. ఈ పొద్దు కాకుంటే వచ్చే వారం వస్తాడు."

"పదిమందిలో గట్టిగా చెప్పింటే?"

కోటిలింగం గ్లాసులో కాఫీ సగం తాగాడు.

"ఒకసారి చెప్పినా. కోదండరాం అని, నెల్లూరాయన. బేరంలో నా నోరు మూయించినాడు. కోపం వచ్చి, 'పోయినేడు తడిసిన సరుకు తెచ్చి నా కాళ్ళు పట్టుకుంటివే' అన్నా, పదిమందిలో."

"అబద్ధమా?"

"నిజమే. నిజం గనకే నొచ్చుకున్నాడు. పదకొండేండ్లుగా మన మండీ మెట్లెక్కలా."

"తప్పయిందని చెప్పలేదా?"

"వాళ్ళింటికి పోయి చెప్పినా. కాఫీ ఇచ్చి పంపినాడు." కోటిలింగం గ్లాసు కింద పెట్టాడు. "అన్నది పదిమందిలో. వెనక్కి తీసుకునింది ఒంటరిగా. సరిపోలా."

మర్నాడు ఆఖరి పీరియడులో మళ్ళీ అదే చర్చ. "ఈసారి కూడా ఇళ్ళ సంగతులు లాగితే ఇదే ఆఖరి చర్చ" అంది టీచరు. మొదట కస్తూరి చెయ్యెత్తింది.

"ఇంకా ఏముందే చెప్పేదానికి?" అంది కాళియమ్మ.

కస్తూరి బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. "పోయిన వారం రాసాత్తి ఒక మాట అడిగింది. మూట మోసినోళ్ళది కాదా పట్నం అని. నాకు జవాబు తెలీలా. అందుకని, నన్ను నమ్మి చెప్పుకున్న సంగతి బయట పెట్టినా. అది తప్పు. మదరాసు మాదే అని ఇప్పటికీ అంటా. ఆ మాటకు మాత్రం జవాబు ఇంకా వెతుకుతా ఉండా."

"అయితే ప్లాట్‌ఫారమే గెలిచిందా?" అంది కాళియమ్మ.

"ఆ పేరు నా మాట నించి వచ్చింది. నేనే వాపసు తీసుకుంటుండా. ఆమె పేరు రాసాత్తి."

ఎవరూ నవ్వలేదు. టీచరు ఆఖరి బెంచీ వైపు చూసింది. "నువ్వేమన్నా చెప్తావా రాసాత్తీ?"

రాసాత్తి మెల్లగా లేచింది. "వెతకనీండి టీచర్. ఎంత వెతికినా ఆమెకు దొరకదు."

ఇప్పుడు క్లాసు నవ్వింది. కస్తూరి కూడా నవ్వింది.

ఇంకో అమ్మాయి మాట్లాడటానికి లేచేసరికి, రాసాత్తి పుస్తకాలతో మూడో బెంచీకి వచ్చింది. కస్తూరి వైపు చూడకుండా కూర్చుంది. కస్తూరి ఓణీ కొంగు ఒళ్ళో పరిచి, కింద చెయ్యి పెట్టి కాచుకుంది.

చాలాసేపటికి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. అయిదు వేళ్ళూ కలిపి పట్టుకుంది.

రాసాత్తి దగ్గర ఆ రోజు ఒక్క సీమచింతకాయ కూడా లేదు. కస్తూరి బేరమాడలేదు.

"డబ్బాలో మూడే ఉండాయి" అంది గుసగుసగా. "తక్కిన రెండూ సోమవారం ఇస్తా."

రాసాత్తి చర్చ వింటున్నట్టే ముందుకు చూస్తూ, "సోమవారం మరిచిపోవద్దు" అంది.