కారణం రాయవలసిన గడి

మొదటి రోజే ఇద్దరికీ చెడింది.

"ఆగండాగండి! సీసా మీద నంబరు నేనింకా చదవలేదు," అన్నాడతను.

"మూడేళ్లుగా ఈ సీసాలతోనే కాపురం చేస్తున్నానండీ. వాసన చూసి చెప్పెయ్యగలను ఏది ఏదో."

"మాస్కు కట్టుకుని వాసనేం చూస్తారండీ?"

ల్యాబంతా కణాలమ్మ అని పిలుచుకునే పిల్ల, మాటకి మాట అప్పజెప్పే పిల్ల, ఆ రోజు మాత్రం బుద్ధిగా సీసా తిప్పి చూపించింది. చూపించి, "సాక్షిగారూ, కళ్లు చల్లబడ్డాయా?" అంది. ఆ పేరు అతనికి జిగురులా అంటుకుపోయింది.

పని అలాంటిది మరి. మనిషి ఒంట్లోంచి చిటికెడు మూలకణాలు తీసి, ల్యాబులో పెంచి, చెడిపోయిన చోట తిరిగి అతికిస్తారు. చంటిపిల్లకి వేళకి పాలు పట్టినట్టు వాటికి మేతనీళ్లు మారుస్తూ ఉండాలి. కంటికి కనబడని పురుగు ఒక్కటి దూరినా, ఒక్క సీసా తారుమారైనా, పెంచిందంతా పారబొయ్యడమే. అందుకని ఒకళ్లు చెయ్యాలి, ఇంకొకళ్లు పక్కనే నిలబడి, కళ్లారా చూసి సంతకం పెట్టాలి. చేసేది ఆమె, చూసేది అతను.

చూడ్డమే ఉద్యోగమైనవాడు ఎటు చూడాలో మర్చిపోతే ఏం చేస్తాం? తల నుంచి పాదాల దాకా తెల్ల సూటు కప్పేసుకుంటే ఇక మనిషిలో కనబడేవి కళ్లే కదా! అద్దాల వెనక ఆ కళ్లు కణాలతో కబుర్లు చెబుతుంటాయి, తిన్నారా తల్లీ, కాస్త ఒళ్లు చేశారే, అన్నట్టు.

ఆ రోజుల్లో పెంచుతున్నవి లాండ్రీలో పనిచేసే ఒకావిడవి. ఘాటుమందు చిమ్మి ఎడమ కన్ను కాలిపోయింది. కుడి కంటి అంచున నువ్వుగింజంత ముక్క తీసి పన్నెండు రోజులుగా సాకుతున్నారు. ఇది చెడితే మళ్లీ ఆ కుడి కన్నే కొయ్యాలి. ఉన్న ఒక్క కన్ను ఎన్నిసార్లని ఓర్చుకుంటుంది?

పదమూడో రోజు పొద్దున మేత మార్చారు. అతను సంతకం పెట్టాడు. గ్లౌజులు తీస్తూ వెనక్కి తిరిగి చూశాడు. ట్రేలో రెండు సీసాలు, రెండిట్లోనూ ఒకే గులాబీ రంగు నీళ్లు. ఒకదాంట్లో ఎదుగుదల మందు కలిపారు, రెండోదాంట్లో కలపలేదు. ఇంతకీ ఆమె వాడిందేది?

ఎంత గింజుకున్నా నంబరు గుర్తు రాదే! చూస్తే కదా.

నోరు మూసుకుంటే మూడో కంటికి తెలియదు. కానీ రేపు వాటిని పెట్టేది ఒకావిడ కంట్లో.

"ఏమండీ," అన్నాడు బయటి గదిలో, "ఇందాక నేను సీసా చూళ్లేదు."

"సంతకం పెట్టారుగా?"

"పెట్టాను."

"మరి సీసా కాకపోతే ఏం చూశారట? గోడా?"

"గోడైతే ఇంత బాధ లేదండీ."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గో కోపమో ఆ దేవుడికే తెలియాలి. "పన్నెండు రోజుల పెంపకం! సరైన సీసానే వాడాను, నాకు తెలుసు."

"నాకూ నమ్మకమే. కానీ నమ్మకానికి ఫారంలో గడి లేదు కదండీ. చెప్పేద్దాం."

ఆమె తలుపు తీసింది. "పదండి. ఎర్రపెన్ను మేడం ఇద్దర్నీ కలిపే చంపుతుందిలెండి."

ల్యాబులో తప్పులు వెతికే పెద్దావిడే ఎర్రపెన్ను మేడం. అంతా విని, అతని ముందు ఫారం పడేసింది. కారణం గడిలో అతను 'అలసట' అని రాశాడు.

ఆవిడ కొట్టేసింది. "పొద్దున తొమ్మిదిన్నరకే అలసటేమిటయ్యా? వచ్చే దారిలో రాళ్లు కొట్టావా?"

'ఏకాగ్రత లోపం' అని రాశాడు.

"ఎందుకు లోపించింది? అసలు కారణం తెలిస్తేనే కదా రెండోసారి జరక్కుండా ఆపేది! నాన్చకు, రాయి."

అతను ఉన్నదున్నట్టు రాసేశాడు: 'సీసా చూడవలసిన సమయంలో, పని చేస్తున్న వ్యక్తి కళ్లు చూస్తున్నాను. ఈ ఇబ్బంది నాలుగు నెలలుగా ఉంది. నంబరు చదవడం మర్చిపోవడం మాత్రం ఇదే మొదటిసారి.'

మేడం మొహంలో గీత కదల్లేదు. ఫారం ఆమె వైపు తోసింది. "చేసినవాళ్లు చదివి, అభిప్రాయం రాయాలి. రూలు. ఆ రెండు సీసాలూ పారేశారా?"

"లేదు మేడం, ఫ్రిజ్‌లో ఉన్నాయి."

"మందు కలిపినప్పుడు రెండిటి తూకమూ రాసే ఉంటారు. ఇప్పుడు తూచి చూస్తాను," అంటూ లేచి వెళ్లింది.

గదిలో ఇద్దరే మిగిలారు. ఆమె చదివింది. మళ్లీ చదివింది. ఏదో రాసి, చేత్తో కప్పేసింది. అతను తొంగి చూడబోతే, "చూడాల్సినప్పుడు చూడరుగానీ!" అని కసిరింది.

మేడం తిరిగొచ్చింది. "మందు కలిపిన సీసాయే తగ్గింది. రెండోదాంట్లో చుక్క కదల్లేదు. ఆవిడకి మళ్లీ కోత తప్పింది." అని, ఫారం తీసుకుని పైకే చదివింది: "'ఆయన నన్ను చూస్తున్నారని నాకు తెలుసు. తెలిసీ సీసా చూడమని చెప్పలేదు. చెప్పాలనిపించలేదు. తప్పు నాది కూడా.'"

అతనికి కాళ్లు భూమి మీద ఆనలేదు.

మేడం చివరి గడిలో ఎర్రపెన్నుతో రాసింది, ఇకపై వీరిద్దరూ ఒకరి పనికి ఒకరు సాక్షిగా ఉండరాదని. ఇద్దరి మొహాలూ వాడిపోయాయి.

"అలా చూస్తారేం? ల్యాబులో వద్దన్నాను. సాయంత్రం గేటు దాటాక ఎవరు ఎవర్ని చూసుకున్నా, దానికి నా దగ్గర ఫారం లేదు."

సాయంత్రం సన్నగా వాన. గేటు బయట ఒకే గొడుగు కింద, అతను మాత్రం తన బూట్లకేసే చూస్తూ నిలబడ్డాడు.

"ఇదేమిటండీ!" అందామె నవ్వాపుకుంటూ. "పర్మిషన్ వచ్చాక సిగ్గొచ్చిందా?"