మెడ ఆఖరున

మా తాతగారు నలభై ఏళ్ళు శవపరీక్షలు చేసిన వైద్యులు. కత్తిగాటు చీముపట్టి కుడిచేతి ఉంగరపు వేలు పోయినా పని మానలేదు. దిక్కులేని శవానికి సైతం కుట్లు తిన్నగా వేసేవారు. ఆయన తల్లి ఆ శవాలకు ఉతికిన దుప్పటి కప్పనిదే పంపేది కాదు.

ఆయన పోయాక శవాగారానికి చెడ్డపేరు వచ్చింది. రాత్రివేళ అక్కడ కత్తి పట్టినవారి చెయ్యి ఎవరో పట్టుకుంటారని...

ఆ ఉద్యోగంలోకి ఆయన కూతురే, మా అమ్మ, వచ్చింది. ఒక రాత్రి బట్టలమిల్లులో పనిచేసే పిల్ల శవాన్ని తెచ్చారు. ఉరి వేసుకుందట. మిల్లు యజమాని బయట కారులోనే కూర్చున్నాడు.

"ఉరే కదండీ, డాక్టరుగారూ! తెల్లారేసరికి దహనం. రెండు ముక్కలు రాసిచ్చెయ్యండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆ రెండు ముక్కలూ మీరే రాసి, మీరే సంతకం పెట్టుకోండి. నా సంతకం కావాలంటే మెడ చూడాలి. కాలిపోయాక అడగడానికి మెడ ఉండదు."

కాపలా తాత గొణిగాడు — "పొద్దున చూద్దాం తల్లీ... ఆ గదిలో చెయ్యి పట్టుకుంటుంది."

"పట్టుకోనీ తాతా. నాడి చూసి పంపిస్తుంది కాబోలు."

తలుపు వేసుకుంది. మెడమీద రెండు మచ్చలు — ఒకటి కిందుగా, అడ్డంగా, చుట్టూ తెగకుండా. రెండోది పైన, ఏటవాలుగా చెవి వెనక్కి పోయి ఆగింది. వేలాడితే పడేది రెండోదే. మరి మొదటిది?

బయట కారు హారను మోగింది. ఆ తొందరలో అమ్మ కత్తిని నేరుగా మెడకే ఆనించింది.

దీపం రెపరెపలాడింది — మణికట్టును చల్లగా ఏదో బిగించింది...

"మెడ... ఆఖరున."

కత్తి ఆగిపోయింది. ఆ మాట నిజమే! ముందుగా తల, గుండె తెరిచి నెత్తురు వార్చకపోతే, ఆ నెత్తురే మెడ కండల్లోకి ఊరి లేని గాయాన్ని చూపుతుంది. అప్పుడు "అది నీ కత్తి చేసిందే" అంటే బదులుండదు.

"వదులు. సరిగ్గానే చేస్తాను," అంది అమ్మ.

పట్టు సడలింది.

మెడను ఆఖరునే తెరిచింది. అడ్డమచ్చ కింద కండల్లో నెత్తురు గడ్డకట్టి ఉంది. ఏటవాలు మచ్చ కింద — ఏమీ లేదు, పాలిపోయి ఉంది; ప్రాణం పోయాక పడ్డ మచ్చ అది. తాడు బిగించి చంపి, ఆపైన వేలాడదీశారు. అలాగే రాసింది. దహనం ఆగింది. యజమాని కారు దిగక తప్పలేదు.

తెల్లవారి వెలుగులో అమ్మ తన మణికట్టును చూసుకుంది. మచ్చల్ని చదవడమే కదా ఆమె విద్య! బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు... ఖాళీ... చిటికెనవేలు.

అమ్మ నాకిచ్చినవి ఆ కత్తి, ఆ నియమం. రెండింటినీ నా మనవరాలికి ఇచ్చాను. దుప్పట్లు ఉతికే పని మాత్రం ఇంకా నాదే.